కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే: ఉక్కును, దాని పదునును పరిశోధించిన వృత్తాంతము

మైకేల్ ఫారడే పేరు మన ఉన్నత పాఠశాల బాలబాలికలకు క్రొత్తది కాదు. విద్యుత్తును గూర్చిన పాఠములో తీగచుట్ట, అయస్కాంతము, వాటి కదలికచే పుట్టు ప్రవాహము అనువాని ప్రక్కనే ఆ పేరు కూడ వచ్చును. అయితే ఆ మహనీయుడు విద్యుత్తులోనికి పూర్తిగా దిగకముందు ఐదారు సంవత్సరములు కొలిమి యొద్ద ఉక్కు కరగించుచు గడపెననియు, ఆ ఉక్కుతో కత్తులు చేయించి వాటి పదును ఎంతవరకు నిలుచునో పరీక్షించుచుండెననియు, ఆ పరిశోధన మన దేశపు ఉక్కుముద్దతోనే మొదలయ్యెననియు ఎరిగినవారు కొద్దిమందియే. ఆయన జీవితములో ఆ భాగమునే ఇచ్చట వివరముగా చెప్పదలచితిని. తక్కినది పాఠ్యపుస్తకములలో ఉన్నది గనుక క్లుప్తముగా చెప్పెదను.

పదును అనునది ఎంత సున్నితమైన విషయమో తెలియనిదే ఆ పరిశోధన విలువ మనకు తెలియదు. కావున మన కన్నులయెదుట నున్న ఒక పనిముట్టును ముందుగా చూతము. మన నల్గొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలో చెట్టు నరకుటకు గొడ్డలి పట్టువారు తగ్గిపోయిరి. గాలివానకు వేపమ్రాను గాని చింతమ్రాను గాని బాటకు అడ్డముగా కూలినచో పెట్రోలుతో నడుచు చైను రంపము వచ్చును. పొడవైన ఉక్కుపట్టీ అంచు వెంబడి, సైకిలు చైను వంటి గొలుసు సెకనుకు 20 మీటర్లకు పైబడిన వేగముతో పరుగెత్తును. ఆ గొలుసునకు ఎడమకొకటి, కుడికొకటిగా పళ్లు అమర్చబడియుండును. ప్రతి పంటికిని పైన ఒక రేకు, ప్రక్కన ఒక రేకు కలవు. ఆ రెండును కలియు మూలయే మొదట కొయ్యలోనికి దిగును. పంటికి ముందు ఒక చిన్న మెట్టు ఉండును. అది పంటికంటె ఇంచుమించు అర మిల్లీమీటరు తగ్గియుండి, పన్ను ఎంత లోతు కొరుకవలెనో నిర్ణయించును.

మనది రాతినేల. చెట్టు మొదలు కోయునప్పుడు గొలుసు ఒక్క క్షణము గులకరాతికి తగిలినను చాలును, పళ్లన్నియు మొద్దువారును. పదునుగల రంపము కొయ్యను చిన్న చిన్న పేళ్లుగా రాల్చును. మొద్దువారిన రంపము పిండివంటి పొట్టు రాల్చి, పొగ పుట్టించి, పనివాని బుజములను విరుగదీయును. అప్పుడతడు దుకాణమునకు పోవును. మన పట్టణములలో సాధారణముగా గుండ్రని ఆకురాయితో ఒక్కొక్క పంటిని లోపలినుండి వెలుపలికి రాచి పదును పెట్టుదురు. అమెరికా పశ్చిమతీరపు అడవులలో మహావృక్షములను పడగొట్టువారికి మరియొక పద్ధతి కలదు. దానికి చదరపు గ్రైండరు కావలెను. దానిలో తిరుగు సానచక్రపు అంచును వజ్రపుమొనతో చెక్కి రెండు వాలుతలములుగా తీర్చుదురు. అట్టి చక్రము పంటి పై రేకును, ప్రక్క రేకును ఒకేసారి చదునుగా సాన పట్టును. ఆ రెండు వాలులు లోపల కలియు గీత సరిగా పంటి మూలకే పోయి చేరవలెను. గీత వెండ్రుకవాసి పైకి పోయినను, క్రిందికి జారినను మూల సరిగా కోయదు. ఎడమ పళ్లు కుడి పళ్లకంటె పొట్టివైనచో కోత వంకరపోవును. ఈ పద్ధతిని నేర్చుకొనుటకు చాలకాలము పట్టును. నేర్చిన పిదప రంపము గుండ్రని ఆకురాయి పదునుకంటె వేగముగా కోయును గాని, ఆ పదును త్వరగా పోవును.

నేర్చుకొనువాడు మొట్టమొదట తెలిసికొనవలసినది వేడిని గూర్చియే. చక్రమును పంటికి గట్టిగా అదిమినచో పంటి అంచున నీలిరంగు తేలును. ఆ రంగు కనబడినచో అచ్చటి ఉక్కు గుణము చెడినదని గుర్తు. కావున చక్రమును ముట్టించి తీయుచు, ముట్టించి తీయుచు పని చేయవలెను. తొందర గలవాడు ఒక్క పూటలో క్రొత్త గొలుసును పాడుచేయగలడు. మరియొక సంగతి యేమనగా, ఆ పంటి వెలుపలితలమున క్రోమియమను కఠినలోహపు పలుచని పూత ఉండును. పూతయు, దానిక్రింది ఉక్కును కలిసిన అంచే పదును. దెబ్బతిన్న పూత పోవువరకు సాన పట్టనిచో ఎంత మెరసినను ఆ పన్ను కోయదు.

ఈ పంటి రూపమునకు మూలము అమెరికా దేశస్థుడైన జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్సు. మ్రానును తొలుచు ఒక పురుగుపిల్ల దవడలను పరికించి, ఆ రీతిగా ఎడమకును కుడికిని కొరుకు గొలుసును ఆయన 1947లో విక్రయింప మొదలుపెట్టెను. అది అట్లుండ, పంటిలోని మిశ్రమపు ఉక్కును గూర్చియు, దానిని సానపట్టు చక్రమును త్రిప్పు విద్యుత్ మోటారును గూర్చియు విచారించుచు వెనుకకు పోయినచో, ఈ రెండు దారులును లండను నగరమున ఒకే గృహపు నేలమాళిగలో ఒకే మనుష్యుని పనిబల్లకు చేరును. ఆ మనుష్యుడే ఫారడే.

ఆయన 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, నేడు లండనులో భాగమైన న్యూయింగ్టన్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు ఫారడే కమ్మరి. ఉత్తర ఇంగ్లండునుండి బ్రతుకుదెరువు వెదకుకొనుచు రాజధానికి వచ్చినవాడు, తరచు రోగపీడితుడు. నలుగురు బిడ్డలలో మైకేలు మూడవవాడు. 1801లో ధాన్యపు ధరలు మిక్కిలి పెరిగినప్పుడు ఆ పిల్లవానికి వారమునకు ఒక రొట్టె చొప్పున ఇచ్చి, దానినే ఏడు దినములు సరిపెట్టుకొమ్మనిరట. చదువు, వ్రాత, కొంచెము లెక్కలు తప్ప బడిలో అతడు నేర్చినది లేదు. పదుమూడవయేట రీబో అను పుస్తకవిక్రేతయొద్ద వార్తాపత్రికలు మోయు కుఱ్ఱవాడుగా చేరెను. మరుసటి సంవత్సరము, అనగా 1805లో, అదే యజమాని రుసుము తీసికొనకయే పుస్తకములు బైండు చేయు పనిలో ఏడేండ్ల శిష్యరికమునకు అతనిని చేర్చుకొనెను.

బైండు చేయుటకు వచ్చిన పుస్తకములను చదువుట ఆ బాలునికి అలవాటయ్యెను. విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ అను విదుషీమణి రసాయనశాస్త్రమును గూర్చి సంభాషణల రూపమున వ్రాసిన గ్రంథమును అతడు అట్లే చదివెను. చదివినదానిని నమ్మి ఊరకుండక, చిల్లర కాసులతో సామగ్రి కొని చేసి చూచుచుండెను. రాత్రివేళ జరుగు శాస్త్రోపన్యాసములకు ప్రవేశరుసుము ఒక షిల్లింగు. దానిని ఇచ్చినది అన్న రాబర్టు. ఆ అన్న తండ్రివలెనే కమ్మరిపని చేయువాడు. 1810లో తండ్రి మరణించెను. కొలిమిలో సంపాదించిన షిల్లింగులు తమ్ముని శాస్త్రమునకు పోయినవని మనము మరువకూడదు.

1812లో ఒక ఖాతాదారు ఇచ్చిన టిక్కెట్లతో ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ గారి నాలుగు ఉపన్యాసములు వినెను. విన్నదంతయు వ్రాసి, బొమ్మలు గీచి, తన చేతితోనే చక్కగా బైండు చేసి డేవీ గారికి పంపెను. 1813 మార్చిలో అచ్చట సహాయకుని ఉద్యోగము లభించెను. వారమునకు 25 షిల్లింగుల జీతము, మేడపైన రెండు గదులు. ఆ సంవత్సరమే డేవీ దంపతులతో ఫ్రాన్సు, ఇటలీ దేశములకు ప్రయాణమయ్యెను. ఆ యాత్రలో దొరసానిగారు ఆయనను సేవకునివలె చూచిరి గాని, ఆ అవమానముకంటె ఆయన పొందిన లాభము గొప్పది. 1814లో ఫ్లారెన్సు నగరమున పెద్ద భూతద్దముతో సూర్యకిరణములను కేంద్రీకరించి వారు ఒక వజ్రమును కాల్చిరి. వజ్రము వట్టి బొగ్గుపదార్థమేయని దానివలన స్థిరపడెను. మన కృష్ణాతీరపు కొల్లూరు గనుల వజ్రములును, కమ్మరి కొలిమిలోని బొగ్గును ఒకే మూలపదార్థమన్నమాట. ఆ పదార్థమే ఇనుముతో స్వల్పముగా కలిసినచో ఉక్కగును.

ఇక ఉక్కు కథకు వత్తము. 1794లో బొంబాయినుండి డాక్టరు హెలెనస్ స్కాటు మన దేశపు ఉక్కుముద్దలను లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్సు గారికి పంపెను. దక్షిణదేశ భాషలలోని ఉక్కు అను మాటయే ఆంగ్లేయుల నోట మారిపోయి వూట్జు అయ్యెనని పండితులు తలంతురు. ఆ ముద్దలలో కొన్ని జేమ్సు స్టోడార్టు అను పనివాని చేతికి వచ్చెను. ఆయన లండనులోని స్ట్రాండు వీధిలో శస్త్రవైద్యుల పనిముట్లు, క్షౌరపు కత్తులు, చాకులు చేసి అమ్మువాడు. ఈ ఉక్కును సుత్తితో సాగగొట్టుట మిక్కిలి కష్టము. వేడి కొంచెము ఎక్కువైనచో ముక్కలగును, తక్కువైనచో సాగదు. స్టోడార్టు ఓపికతో దాని మర్మము కనుగొని, ఇంగ్లండులో దొరకు ఉక్కుకంటె దీనికే పదును బాగుగా నిలుచునని గ్రహించి, తన దుకాణపు చీటీమీదనే ఆ మాట అచ్చువేయించెను.

అట్టి ఉక్కును మైసూరు, సేలము ప్రాంతములవారు చేసిరి. మన తెలంగాణములో నిజామాబాదు జిల్లా కోనసముద్రము అందుకు ప్రసిద్ధికెక్కెను. భారతదేశపు కొలత శాఖలో వైద్యుడును, భూగర్భశాస్త్రజ్ఞుడునైన హెన్రీ వాయిసీ 1820 ప్రాంతమున ఆ గ్రామమున పని జరుగు విధమును చూచి వ్రాసెను. రెండు వేర్వేరు చోట్ల ఇనుమును కలిపి, మట్టిమూసలలో పెట్టి, ఇంచుమించు ఒక దినరాత్రము తిత్తులు ఊదుచు కాల్చుచుండిరి. పారశీక దేశపు వర్తకులు ఆ ఊరికి వచ్చి దగ్గర కూర్చుండి ఉక్కు కొని పోవుచుండిరి. మన దక్షిణ తెలంగాణపు మెట్టనేలలలోను ఇనుము పని అతి పురాతనమే. జనులు రాక్షసగుళ్లని పిలుచు సమాధులలో ఇనుప పనిముట్లు దొరకినవి. అయితే మన కమ్మరులు తమ విద్యను చేతినుండి చేతికే ఇచ్చిరి గాని కాగితముమీద పెట్టలేదు. పెట్టుటకు వారికి అక్షరములు నేర్పినవారెవరు? యంత్రశాలల చవుక ఉక్కు ఓడలమీద దిగిన తరువాత మూసలు చల్లారెను. ఆ చేతులతోపాటే ఆ విద్యయు పోయెను. కోనసముద్రపు పద్ధతిని గూర్చి నేడు మనకు తెలిసినది చాలవరకు పరదేశస్థుడైన ఆ వైద్యుడు చూచి వ్రాసినదియు, పరిశోధకులు ఇటీవల చిట్టెపు దిబ్బలు త్రవ్వి గ్రహించినదియు మాత్రమే.

స్టోడార్టును, ఫారడేయును కలిసి పనిచేసినది ఈ మర్మమును తెలిసికొనుటకే. ఒకరు వృద్ధుడగుచున్న కత్తుల పనివాడు, మరియొకరు ముప్పదియేండ్లు నిండని కమ్మరి కుమారుడు. 1819లో ఫారడే మన ఉక్కును విశ్లేషించి ఫలితమును ప్రకటించెను. అల్యూమినియపు స్వల్పభాగమే దాని శ్రేష్ఠతకు కారణమని ఆయన తలంచెను. అది పొరపాటు. ఆ ఉక్కులో బొగ్గుపదార్థము నూటికి ఒకటిన్నర వంతుల మేరకు ఉండుటయు, మూసలో నెమ్మదిగా చల్లారుటయు ముఖ్యకారణములని తరువాత తెలిసెను. దానితో చేసిన ఖడ్గములమీద నీటి అలలవలె కనబడు చారలకు వనేడియము వంటి లోహముల అతిస్వల్పాంశములు తోడ్పడునని 20వ శతాబ్దపు చివర శాస్త్రజ్ఞులు చూపిరి. అయినను ఆ పొరపాటే ఫారడేను మంచిదారిలో పెట్టెను. స్వల్పముగా కలిసిన అన్యపదార్థమొకటి ఉక్కు గుణమును మార్చుచున్నచో, ఇతర లోహములను బుద్ధిపూర్వకముగా కలిపి చూడరాదా అని ఆయన యోచించెను. ఇట్లు క్రమముగా ఒక్కొక్క లోహమును కలిపి, ఫలితమును వ్రాసి చూచినవారు అంతకుముందు అరుదు.

ఇన్‌స్టిట్యూషను నేలమాళిగలో గాలి ఊదు కొలిమి నొకదానిని అమర్చిరి. ఆకాశమునుండి పడిన ఉల్కల ఇనుములో నికెలు ఉండుట తెలిసినదే గనుక, మొదట నికెలును కలిపిరి. వెండిని ఎక్కువగా కలుపగా అది ఉక్కులో కలియక, చల్లారునప్పుడు బొట్లుబొట్లుగా చెమర్చి బయటికి వచ్చెను. 500 వంతుల ఉక్కునకు ఒక వంతు వెండి మాత్రము కలుపగా గట్టి ఉక్కు లభించెను. ప్లాటినము కలిపిరి. వొలాస్టను గారు దయతో ఇచ్చిన రోడియమను అరుదైన లోహమును కలిపిరి. దీనితో చేసిన క్షౌరపు కత్తులు అన్నిటికంటె శ్రేష్ఠముగా తేలెను. అయితే రోడియము బంగారమువలె వెలగలది. దానితో రంపములు చేయువాడెవడు?

ఇచ్చట స్టోడార్టు గారి చేతిపని గుర్తింపదగినది. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినచో అది గాజువలె పెళుసగును. దానిని మరల కొంచెము వేడిచేసినచో మెరుగుపెట్టిన తలముమీద రంగులు వరుసగా తేలును. మొదట లేత గడ్డిరంగు, పిదప ముదురు పసుపు, ఊదా, చివరకు నీలము. గడ్డిరంగునొద్ద ఆపినది కత్తికి తగును, నీలమునొద్ద ఆపినది కమానుకు తగును. చేతిరంపమునకు కూడ నీలపు దాపువరకు పోవలెను, లేనియెడల ఆకురాయి దానిని కొరుకజాలదు. మన ఊరి కమ్మరి కంటితో చూచి చెప్పు ఈ రంగులకే స్టోడార్టు ఉష్ణమాపకముతో లెక్కలు కట్టెను. మన దేశపు ఉక్కును ఇంగ్లండు ఉక్కుకంటె 40 ఫారన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ వేడికి తేవలెననియు, రోడియపు ఉక్కును దానికంటె మరి 30 డిగ్రీలు ఎక్కువ వేడిచేయవలెననియు వారు వ్రాసిరి. నేడు గ్రైండరుక్రింద పంటిమీద తేలు నీలిరంగు ఈ వరుసలోనిదే. అది తెలిసినవాడు చక్రమును అదుమడు.

1820లో ఒక వ్యాసమును, 1822లో రాయల్ సొసైటీ పత్రికలో మరియొక పెద్ద వ్యాసమును వారు ప్రకటించిరి. రెంటిలోను స్టోడార్టు పేరు ముందు, ఫారడే పేరు వెనుక. ఆ రెండవ వ్యాసములోనే క్రోమియము కలుపుటయు కలదు. 1600 గ్రెయినుల ఉక్కునకు ఒకసారి 16 గ్రెయినులు, మరియొకసారి 48 గ్రెయినులు, అనగా నూటికి ఒకటి, మూడు వంతులు. ఆ ఉక్కు గట్టిదై, సుత్తికి లొంగి, ఆమ్లముతో తుడిచినప్పుడు అందమైన చారలు చూపెను. ఫ్రాన్సు దేశమున బెర్తియే అను పండితుడును అదేకాలమున క్రోమియముతో ప్రయత్నించెను. ఫారడే నూటికి పదికి పైగా క్రోమియము కలిపి, బొగ్గుపదార్థమును తగ్గించియున్నచో తుప్పుపట్టని ఉక్కు ఆనాడే దొరకియుండెడిదేమో. ఆనాటి కొలుములకు అది సాధ్యమగునది కాదని కూడ చెప్పవలెను. షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ దానిని కనుగొనుటకు 1913 వరకు కాలము పట్టెను.

షెఫీల్డు కొలుములలో ఫారడే చెప్పిన పాళ్లతో ఉక్కు పెద్దయెత్తున పోయించి చూచిరి. ఆయన తన ఉక్కుతో చేయించిన క్షౌరపు కత్తులను స్నేహితులకు బహుమానముగా పంపుచుండెను. అయితే వ్యాపారములో ఆ ఉక్కు నిలువలేదు. 1823లో స్టోడార్టు మరణించెను. 1824 తరువాత ఫారడే ఆ కొలిమిని విడిచెను. లోకదృష్టిలో ఇది ఫలింపని పనియే. నా మట్టుకు ఆయన శక్తియంతయు ఆ కొలిమియొద్దనే పదునెక్కెనని తోచును. ఒకేసారి ఒకే వస్తువును మార్చుట, తూకము వేయుట, అనుకూలించినదానిని, వికటించినదానిని సమముగా వ్రాసికొనుట, ఇవన్నియు అచ్చట ఆయనకు అలవడెను. ఆయన ప్రయోగాల దినచర్య తరువాత పదునారువేల సంఖ్యాయుత పరిచ్ఛేదములు దాటెను.

తక్కిన వృత్తాంతము మీరెరిగినదే. 1821 జూనులో సారా బర్నార్డును వివాహమాడెను. ఆ సెప్టెంబరులో పాదరసపు గిన్నెలో వ్రేలాడు తీగను అయస్కాంతము చుట్టు విద్యుత్తుచే త్రిప్పెను. నేటి మోటారులన్నిటికిని అదియే ఆది. ఆ విషయమున వొలాస్టను గారి యోచనను దొంగిలించెనని కొందరు నిందించిరి. రోడియమిచ్చిన ఆ పెద్దమనిషి మాత్రము కలహింపలేదు. 1824లో రాయల్ సొసైటీకి ఆయన ఎన్నికను గురువైన డేవీ గారే అడ్డగింప చూచిరి, అయినను ఎన్నిక జరిగెను. 1831 ఆగస్టు 29వ తేదీన ఇనుప వలయమునకు చుట్టిన రెండు తీగచుట్టలతో విద్యుత్ప్రేరణమును కనుగొనెను. అక్టోబరులో అయస్కాంతపు ధ్రువములనడుమ రాగిపళ్లెమును త్రిప్పి ఎడతెగని ప్రవాహమును పుట్టించెను.

మన జిల్లాలవారికి ఆ రాగిపళ్లెమును చూపుట కష్టము కాదు. 1955 డిసెంబరు 10వ తేదీన పునాదిరాయి వేయబడిన నాగార్జునసాగరమునొద్ద కృష్ణనీరు త్రిప్పు యంత్రములును, పాత మహబూబ్‌నగరు జిల్లా కొండలలోపల శ్రీశైలము ఎడమగట్టున 900 మెగావాట్ల శక్తినిచ్చు యంత్రములును ఆ సూత్రముననుసరించియే పనిచేయును. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో ఒక దుకాణపు గోడకు అమర్చిన గ్రైండరు చక్రము తిరుగుటకు ఆ విద్యుత్తే ఆధారము. దాని క్రింద పెట్టిన పంటిలో క్రోమియము. కమ్మరి కుమారుడు కొలిమియొద్ద ఒకటి, పాదరసపు గిన్నెయొద్ద మరియొకటి, ఇంచుమించు ఒకే రెండేండ్లలో చేసిన పనులు అచ్చట ఒక అంగుళము స్థలములో ఎదురుపడుచున్నవి.

ఫారడే సాండిమనీయులను చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినవాడు. ధనము కూడబెట్టుట తగదని వారు బోధించుచుండిరి. 1840లో ఆయన ఆ సంఘపెద్దగా ఎన్నుకొనబడెను. కర్మాగారములవారు సలహాకై ఇవ్వజూపిన గొప్ప సొమ్మును విడిచి పరిశోధనకే కాలమిచ్చెను. బిరుదమును అంగీకరింపలేదు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవి రాగా వలదనెను. బాలబాలికలకై క్రిస్మసు దినములలో ఉపన్యసించుట మాత్రము ఆయనకు మిక్కిలి ప్రియము. మైనపువత్తిని గూర్చి 1860 చివర చేసిన ఉపన్యాసములు నేటికిని చదువబడుచున్నవి. వృద్ధాప్యమున జ్ఞాపకశక్తి తగ్గెను. 1867 ఆగస్టు 25వ తేదీన, రాణిగారు నివాసముకొరకు ఇచ్చిన హాంప్టన్ కోర్టు గృహములో కుర్చీలో కూర్చుండియే కన్నుమూసెను. హైగేట్ శ్మశానమున సాదా రాతిక్రింద ఆయనను పూడ్చిరి.

ఆయన ఉక్కును లోకము మరచెను. షెఫీల్డువాసియు, 1882లో మాంగనీసు ఉక్కును కనుగొన్నవాడునైన సర్ రాబర్టు హ్యాడ్‌ఫీల్డు మాత్రము దానిని మరువలేదు. ఫారడే పేరు వ్రాసియున్న ఒక చెక్కపెట్టెలో 79 లోహపు ముక్కలు ఉండుట తెలిసి, ఆయన వాటిని పరిశీలించుటకు అనుమతి పొందెను. అప్పటికి అవి కరగి పోయబడి నూరేండ్లు కావచ్చెను. మరల దొరకునవి కావు గనుక, ఒక్కొక్క ముక్కనుండి అతి కొద్ది లోహమునే తీసి విశ్లేషించి, ఆ ఫలితములను 1931లో ఒక పెద్ద గ్రంథముగా ప్రకటించెను. ప్లాటినపు ఉక్కు, రోడియపు ఉక్కు, క్రోమియపు ఉక్కు ఆ పెట్టెలో ఇంకను ఉండెను.